చేతులు ఒళ్ళో పెట్టుకో

అబిడ్స్‌లో మా అక్క విజయ నడుపుతున్న డీటీపీ సెంటరు ఒకప్పుడు మా అమ్మ టైపు ఇన్‌స్టిట్యూట్. మేడ మీద అదే గది, ఒకరు దిగుతుంటే ఇంకొకరు గోడకు ఆనుకుని నిలబడాల్సిన అవే మెట్లు, సగం మాత్రమే తెరుచుకునే అదే కిటికీ. ఉద్యోగం నుంచి రిటైరైన దగ్గర్నుంచి వారంలో రెండు మూడుసార్లు అక్కడికి వెళ్తుంటాను. పనేమీ ఉండదు. ఉత్త చేతులతో వెళ్తే "మళ్ళీ వచ్చావా" అన్నట్టు చూస్తుందని ఏదో ఒక పచ్చడి సీసా పట్టుకుపోతాను. ఆ రోజు గోంగూర. సీసా బల్ల మీద పెట్టబోతుంటే వినపడింది. టిక్. కాసేపు ఏమీ లేదు. గోరుతో రేకు మీద గీరినట్టు సన్నటి శబ్దం. మళ్ళీ టిక్.

"ఈ చప్పుడు ఎప్పటినుంచే?" అన్నాను.

"ఏ చప్పుడు? ఫ్యాను అది," అంది అక్క, కంప్యూటర్ మీంచి కళ్ళు తిప్పకుండా.

"ఫ్యాను ఆగి ఆగి టిక్కుమనదు."

"నీకు చెవులెక్కువలే," అని, ఇక అందుకుంది. కొన్నాళ్ళుగా కంప్యూటరు మొరాయిస్తోందట. ఒక ఫైలు తెరవమంటే, కిందకెళ్ళి చాయ్ తాగి పైకొచ్చినా తెరవడం లేదట. నిన్నయితే ఒక ఫోల్డర్లో పేర్లన్నీ పిచ్చిగీతలుగా మారిపోయాయి, మూసి తెరిస్తే మళ్ళీ మామూలుగా కనపడ్డాయట. కొత్త అల్లుడి మీద చాడీలు చెప్తున్నట్టు ఒక్కొక్కటీ చెప్తూ, నేరం మాత్రం ఎండ మీదా కరెంటు మీదా వేసింది. ఆమె చెప్తుండగానే స్క్రీన్ అంతా నీలంగా మారిపోయి, ఇంగ్లీషులో ఏదో క్షమాపణ కనపడింది. అక్క చెయ్యి బటన్ దగ్గరికి పోయింది. "ఏం లేదే, ఇంకోసారి ఆన్ చేస్తే వస్తుంది. పొద్దున్న కూడా ఇట్లాగే చేసి వచ్చింది."

"చేతులు ఒళ్ళో పెట్టుకో," అన్నాను.

మాట నాదే గానీ గొంతు నాది కాదు, అమ్మది. మనవలున్న మనిషి, ఆ సెంటరుకు యజమానురాలు, కస్టమర్లను కసిరి కూర్చోబెట్టగలిగిన మా అక్క, కుర్చీలో నిటారుగా సర్దుకుని రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. నవ్వొచ్చింది. నేను వెళ్ళి గోడకున్న ప్లగ్గు పీకేశాను. గదిలో టిక్కుమనడం ఆగిపోయాక గానీ అక్క మొహంలో భయం నాకు కనపడలేదు.

ఆ మాట ఆ గదిలో ఎంతమంది విన్నారో లెక్కలేదు. మా అమ్మ ఇన్‌స్టిట్యూట్‌లో అది నియమం. టైపు మిషన్ నుంచి కొత్త శబ్దం ఏది వచ్చినా, కీ ఇరుక్కున్నా, లైను చివర గంట ఆలస్యంగా మోగినా, ఆ క్షణాన చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చోవాలి. అమ్మ వచ్చి చూసేదాకా తాకకూడదు. గదినిండా టకటకలు సాగుతుంటే ఒక్కరే చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం నామోషీగా ఉండేది, ఏదో తప్పు చేసి పట్టుబడ్డట్టు. అందుకని చాలామంది కీని ఇంకాస్త గట్టిగా కొట్టి చూసేవాళ్ళు, కాగితాన్ని మోసే క్యారేజీని అరచేత్తో తోసి చూసేవాళ్ళు. అమ్మ ఎంత దూరంలో ఉన్నా పసిగట్టేది. "చెడిపోతున్న మిషన్ మీద నువ్వు కొట్టే ఒక్కో లైను దాని ఆయుష్షులోంచి తీసి కొడుతున్నట్టే," అనేది. "ఒక్క లైను టీచర్, ఒక్కటే లైను" అని బతిమాలినా వినేది కాదు. మామూలు రోజుల్లో కూడా ఆమె నోటి నుంచి "చాలు" అనే మాట తప్ప ఇంకో లైను కొట్టమనే మాట వచ్చేది కాదు. పొదుపు మనిషి, మాటల్లోనూ రిబ్బన్లోనూ.

అమ్మ గుంటూరులో టైపు నేర్చుకుని, రాష్ట్రం ఏర్పడ్డప్పుడు సెక్రటేరియట్‌లో గుమాస్తాగా బదిలీ అయిన నాన్నతోపాటు ఈ ఊరొచ్చింది. కాపురం నాంపల్లి స్టేషన్ వెనక సందులో. రైళ్ళ కూతలతో లేచేవాళ్ళం, దర్గా వైపు నుంచి వచ్చే అగరొత్తుల వాసనతో బడికి పోయేవాళ్ళం. అమ్మ మాకంటే ముందే బయల్దేరేది కాబట్టి పొద్దున వంట నాన్నది. ఆ రోజుల్లో మగవాడు పొయ్యి దగ్గర కూర్చోవడం సందులో వాళ్ళకు వింత. నాన్న ఏమీ అనుకోకుండా తలుపు బార్లా తీసి మరీ చారు తిరగమోత వేసేవాడు. ఆ ఇంగువ వాసన పీల్చి పక్కింటావిడ "మీ ఆయన చారు బాగా పెడతాడమ్మా" అంటే, అమ్మ "పప్పు ఇంకా బాగా చేస్తారు" అనేది. నాన్నను గురించి ఆమె గర్వంగా మాట్లాడగా నేను విన్నది అదొక్కటే.

నాన్నగారి అమ్మ, మా నాయనమ్మ కూడా మాతోనే ఉండేది. ఇంట్లో ఆడది బయటికెళ్ళి నలుగురికీ పాఠాలు చెప్పడం ఆవిడకు నచ్చలేదు. నచ్చలేదన్న సంగతి రోజూ సాయంత్రం దీపం పెట్టగానే గుర్తు చేసేది కూడా. కానీ అమ్మకు చెవి ఇచ్చింది ఆవిడే. నాయనమ్మ పెరట్లో రుబ్బురోలు దగ్గర కూర్చుని, కళ్ళు మూసుకుని, పొత్రం తిప్పుతూ ఉండేది. పిండిని వేలితో తీసి చూడగా నేను ఎప్పుడూ చూడలేదు. "రోలు గొంతు మారిందే, ఇక తీసేయొచ్చు," అనేది. గారెల పిండికి ఒక గొంతు, దోసెల పిండికి ఇంకో గొంతు. కోడలిగా వచ్చిన కొత్తలో ఆ పక్కన కూర్చుని విని విని, ఆ విద్యను అమ్మ టైపు మిషన్లకు పట్టుకుపోయింది. అత్తాకోడళ్ళ మధ్య ప్రేమగా చెప్పుకున్న మాటలు నాకు గుర్తులేవు గానీ, ఒకరి చెవి ఇంకొకరికి వచ్చిందన్నది మాత్రం నిజం.

స్టూడెంట్లు రాకముందే అమ్మ గది తాళం తీసేది. సెలవుల్లో అక్కనూ నన్నూ వెంట తీసుకుపోయేది. ముందు స్పిరిట్ వాసన, తర్వాత మిషన్ నూనె, ఆపైన రిబ్బన్ సిరా. ఈలోగా కింద హోటల్లో పూరీల మూకుడు కాగేది, ఆ నూనె వాసన కిటికీ గుండా వచ్చి వీటన్నిటిలో కలిసేది. ఈ నాలుగూ కలిసిన వాసన ఇప్పటికీ నాకు ఆకలి పుట్టిస్తుంది. అమ్మ మెత్తటి గుడ్డతో ఒక్కో మిషన్ అక్షరాల పళ్ళు తుడిచి, కళ్ళు మూసుకుని, అన్నిటి మీదా ఒకే లైను కొట్టేది. మేమిద్దరం గోడవారగా కూర్చుని ఏ మిషన్‌కు జలుబు చేసిందో చెప్పాలి. అక్క తరచుగా తప్పు చెప్పేది. నేను సరిగ్గా చెప్పేదాన్ని. కానీ వేళ్ళు నడపడంలో మాత్రం అక్క ముందు నేను ఎందుకూ పనికిరాను. అక్క కొడుతుంటే వాన పడుతున్నట్టు ఉండేది.

ఇంకో నియమం కార్బన్ కాపీలది. బయటినుంచి టైపు పనులు వచ్చేవి, అర్జీలు, దస్తావేజులు, కాలేజీల వాళ్ళ వ్యాసాలు. ప్రతిదానికీ కింద కార్బన్ పెట్టి ఒక కాపీ తీసేది అమ్మ. వాళ్ళు తీసుకెళ్ళేదాకా ఒరిజినల్ ఇన్‌స్టిట్యూట్ బీరువాలో ఉంటే కాపీ మా ఇంట్లో ట్రంకుపెట్టెలో ఉండాలి. రెండూ ఒకే కప్పు కింద ఉండకూడదు. ఒక వానాకాలం ఆ గది కప్పు కారి, ఒకే బీరువాలో ఉన్న ఒరిజినళ్ళూ కాపీలూ కలిసి ముద్దయిపోయాయి. ఒక ముసలి లెక్చరరు వ్యాసమంతా పోతే, అమ్మ ఆయన ఇంటికెళ్ళి, ఆయన నోటితో మళ్ళీ చెప్తుంటే మొత్తం తిరిగి కొట్టి ఇచ్చింది. అప్పట్నుంచీ మా చేతుల్లో రోజూ ఒక సంచీ, దానిలో కార్బన్ కాపీలు, అబిడ్స్ నుంచి నాంపల్లికి. మాకు అది నడక, అమ్మకు అది నిద్ర పట్టే మార్గం.

ఇన్‌స్టిట్యూట్‌లో తెలుగు మిషన్లు రెండే. ఒకటి నాలుగో నంబరుది, అందరూ నేర్చుకునేది. రెండోది అమ్మ సొంతం. ఆకుపచ్చ పూలగుడ్డ కప్పుకుని ఆమె బల్ల మీద ఉండేది. దాన్ని ఎవరూ తాకకూడదు. కూతుళ్ళం మేము కూడా. క్లాసులో అందరికంటే ముందుండే అక్క ఎన్నోసార్లు అడిగింది, కాళ్ళ బేరానికి కూడా వచ్చింది. "నీ చెయ్యి ఇంకా తొందరపడుతుంది," అనేది అమ్మ. అంతే, మళ్ళీ ఆ మాట ఎత్తనిచ్చేది కాదు. అమ్మ ఎవరినీ "బాగా కొట్టావు" అని మెచ్చుకునేది కాదు. ఆ గుడ్డ తీసి కూర్చోమంటే అదే మెప్పు అన్నమాట. ఆ మెప్పు ఒకరికి దక్కడం మా కళ్ళతో చూశాం. ఆ సంగతికి తర్వాత వస్తాను.

అమ్మ ఇప్పుడు నా దగ్గరే ఉంటుంది, నాంపల్లిలోనే, పాత ఇల్లు పడగొట్టి కట్టిన అపార్టుమెంటులో. ఎనభై దాటి చాలాకాలమైంది. చెవులు ఇంకా నాకంటే బాగా వినపడతాయి. పోయింది చూపు. కంటి లోపలి పొర అరిగిపోయిందనీ, అద్దాలతో అయ్యేది కాదనీ దవాఖానలో చెప్పారు. ఆమెకు 'ప' ఏదో 'వ' ఏదో, 'మ' ఏదో 'య' ఏదో తెలియదు. అక్షరం కింద వత్తులు అసలు ఉన్నట్టే కనపడవు. తేదీ దగ్గర్నుంచి చివరి పేజీ దాకా పేపరు చదివే మనిషి, ఒకరోజు పేపరు అడగడం మానేసింది. బాధపడలేదు, చెప్పలేదు, మానేసింది. చదివి వినిపిస్తానంటే "నా కళ్ళతో చదవనిది నాకెందుకు?" అంది.

అప్పుడు అక్క ఒక ఫాంటు గీయడం మొదలుపెట్టింది. పొద్దంతా పెళ్ళికార్డులు, బ్యానర్లు, కాలేజీ పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు చేసి, మిగిలిన టైములో ఒక్కో తెలుగు అక్షరం, ఒక్కో గుణింతం, ఒక్కో వత్తు. చూపు తగ్గిన వాళ్ళకోసం. వత్తులు లావుగా, గుండ్రాల మధ్య జాగా ఎక్కువగా, తలకట్టు పైకి విడిగా. ఆదివారం వచ్చిందంటే గీసిన అక్షరాలు ప్రింటు తీసి బాల్కనీలో ఎండ పడే చోట అమ్మ చేతికిచ్చేది. "ఈ 'ఘ' నా కంటికి 'ఝ' లాగే ఉందే. మార్చు." మార్చేది. "ఇప్పుడు మరీ బొద్దుగా ఉంది, ఒళ్ళు తగ్గించు." తగ్గించేది. ఏళ్ళు పట్టింది. అమ్మ చూపు కూడా ఏటేటా తగ్గుతూనే ఉంది కాబట్టి, అదొక పరుగుపందెం అయింది. ఈ మధ్యనే అక్క నాతో "ఇంకొన్ని వత్తులే మిగిలాయి రమా, ఉగాదికి అమ్మ పేపరు చదువుతుంది" అంది. అదంతా ఆ టిక్కుమంటున్న డిస్కులోనే ఉంది. పోతే మళ్ళీ గీయవచ్చు, అక్కకు ఓపికుంది. కానీ అది పూర్తయ్యేదాకా అమ్మకు చూపు మిగలదు.

"కాపీ ఎక్కడైనా పెట్టావా?" అని అడిగాను.

"మూడు చోట్ల పెట్టానే," అంది అక్క ధైర్యంగా. "డెస్క్‌టాప్ మీద ఒకటి, డీ డ్రైవులో ఒకటి, బ్యాకప్ అని ఫోల్డరు చేసి అందులో ఇంకోటి."

"డీ డ్రైవంటే ఇంకో డిస్కా?"

అక్క కంప్యూటరు డబ్బా వైపు చూసింది. అందులో ఉన్నది ఒక్కటే డిస్కు. సీ అన్నా, డీ అన్నా, బ్యాకప్ అన్నా అన్నీ అందులోనే. ఒకే బీరువాలో మూడు అరలు చేసి, మూడింట్లోనూ ఒకే కాగితం దాచి, తాళం వేసుకుని నిశ్చింతగా నిద్రపోయింది. కార్బన్ కాపీల సంచీ మోసుకుంటూ అబిడ్స్ నుంచి నాంపల్లికి నడిచిన మనిషి చేసిన పని అది. నేను తిట్టలేదు. తిట్టే అవసరం లేకుండా ఆమే తల మీద చెయ్యి పెట్టుకుంది.

నాంపల్లిలో స్టేషన్ రోడ్డు మీద ఒక మేడలో నర్సింగ్ అని ఒకతను పోయిన డిస్కుల్లోంచి ఫైళ్ళు తీస్తాడని తెలుసు. ఆటో ఎక్కాం. అక్క ఆ డబ్బాను కింద పెట్టనివ్వలేదు. కుర్చీలో దిండు తెచ్చి ఒళ్ళో వేసుకుని, దాని మీద డబ్బా పెట్టుకుని, చంటిబిడ్డను పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుంది. ఆటో అతను గుంతలు చూసుకోవడం లేదు.

"జర మెల్లగ పోనీ అన్నా," అంది అక్క.

"ఏమున్నదమ్మ గా డబ్బల?"

"గుడ్లు."

పాపం నమ్మాడు. ఆ తర్వాత ప్రతి గుంత దగ్గరా బ్రేకు వేసి, వెనక్కి తిరిగి డబ్బా వైపు చూసి, మెల్లగా దాటించాడు. నాకు నవ్వూ ఆగలేదు, ఒక పాత ప్రయాణం కళ్ళ ముందుకు రావడమూ ఆగలేదు.

ఆ రోజుల్లో టైపు పరీక్షకు ఎవరి మిషన్ వాళ్ళే మోసుకుపోవాలి. పరీక్ష నాడు ఊళ్ళో ఉన్న ఇన్‌స్టిట్యూట్ల మిషన్లన్నీ రిక్షాలెక్కి ఊరేగేవి. బాలమణి అనే అమ్మాయి తెలుగు టైపు పరీక్షకు కూర్చుంటోంది. వాళ్ళ నాన్న ఉస్మాన్‌గంజ్‌లో మూటలు మోసే హమాలీ. పొట్టిగా, చురుగ్గా, ఎవరితోనూ ఎక్కువ మాట్లాడకుండా ఉండేది. పరీక్ష ముందు రోజు సాయంత్రం నాలుగో నంబరు మీద ఆఖరిసారి కొట్టుకుంటోంది. అమ్మ గదికి ఆ చివర ఇంగ్లీషు వాళ్ళ కాగితాలు దిద్దుతోంది. ఉన్నట్టుండి తల ఒక పక్కకు వంచి ఆగిపోయింది.

"బాలమణీ, చేతులు ఒళ్ళో పెట్టుకో."

"ఏం లేదు టీచర్. జర గుంజుతున్నది, గంతే. ఒక్క లైను కొడ్త."

"వద్దు. ఎప్పటినుంచి ఇట్టా ఉంది?"

బాలమణి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత "నిన్నటి సంది," అంది. లైను చివరికొచ్చేసరికి క్యారేజీ బరువుగా కదులుతుంటే, ఎవరికీ తెలియకుండా మోచేత్తో తోస్తూ కొట్టుకుపోతోంది. చెప్తే మిషన్ లాగేసుకుంటారని భయం. అమ్మ మిషన్ వెనక్కి తిప్పి చూపించింది. క్యారేజీని లాగే పట్టీ పోగులు పోగులుగా తెగి, ఒకట్రెండు దారాల మీద నిలిచి ఉంది. మర్నాడు పరీక్ష హాల్లో తెగవలసింది.

"అయితే రేపు నా పరీక్ష పోయినట్టేనా టీచర్?" అంది బాలమణి. "గీసారి పాస్ గాకుంటె మా ఇంట్ల లగ్గం జేస్తమంటున్రు."

అమ్మ ఆ మిషన్‌ను పక్కకు జరిపింది. తన బల్ల దగ్గరికి వెళ్ళి పూలగుడ్డ తీసి మడత పెట్టింది. "ఇటు రా. కూర్చో," అంది. గదిలో టకటకలన్నీ ఆగిపోయాయి. బాలమణి భయంభయంగా కూర్చుని మొదలుపెట్టింది. అమ్మ కళ్ళు మూసుకుని కొంతసేపు విని, "చాలు. నీ చేతికి ఒప్పుకుంది," అంది. ఆ రాత్రి అక్క అన్నం సరిగ్గా తినలేదు. మర్నాడు తన పాత చీర అంచు చింపి క్యారేజీ కదలకుండా కట్టి, మిషన్‌ను ఒళ్ళో పెట్టుకుని రిక్షాలో కూర్చుంది అమ్మ. పక్కన బాలమణి. రిక్షా అతనికి "గాజు సామాను నాయనా, మెల్లిగా" అని చెప్పిందట. బాలమణి పాసైంది. సర్కారు కచేరీలో టైపిస్టుగా చేరి ఆఫీసరుగా రిటైరైంది. ఇప్పటికీ పండక్కి ఫోన్ చేసి అమ్మను "టీచర్" అనే పిలుస్తుంది. ఆ గొంతు విన్న రోజు అమ్మ ఒక ముద్ద ఎక్కువ తింటుంది.

నర్సింగ్ డబ్బాను మా చేతుల్లోంచి జాగ్రత్తగా అందుకుని బల్ల మీద పెట్టాడు. మొదట అడిగిన ప్రశ్న ఒకటే.

"చప్పుడొచ్చినంక ఎన్నిసార్లు ఆన్ చేసిన్రు మేడం?"

"పొద్దుగాల ఒకసారి. మా చెల్లె విన్నంక చెయ్యలేదు, ప్లగ్గే పీకేసింది," అంది అక్క.

"మంచి పని చేసిన్రు. అందరు పది వీడియోలు చూసి, కొట్టి, ఊపి, ఫ్రిజ్‌ల గూడ పెట్టి తెస్తరు. అప్పటికి ఏం మిగలది."

"వస్తదా?"

"గది ఇప్పుడే చెప్పలేను. చదివేటి ముల్లు జర దెబ్బతిన్నట్టున్నది, పూర్తిగ పోలేదు. దీని మీద ఫైళ్ళు తెరిచి చూసుడు గిట్ల ఏం జెయ్య. మొత్తం ఇంకో డిస్కులకు కాపీ దీస్త. ఖరాబైన జాగ కాడ ఆగకుంట దాటి పోత. మంచియన్నీ అయినంక వెనక్కొచ్చి మిగిలినయి అడుగుత. దీనికి ఉన్న ఓపికంత చదువుటానికే వాడాలె మేడం."

అమ్మ పరీక్షకు పోయేవాళ్ళకు చెప్పే మాట కూడా దాదాపు ఇదే. తప్పు పడితే అక్కడ ఆగి ఏడవకు, దాటి ముందుకు పో. అక్క నర్సింగ్‌తో మళ్ళీ మళ్ళీ ఒకే ఫోల్డరు పేరు చెప్పి, మెట్లు దిగాక కూడా ఒకసారి పైకెళ్ళి చెప్పి వచ్చింది.

అమ్మకు చెప్పకూడదని దారిలో ఒట్టు వేయించుకుంది. మా ఇంట్లోకి అడుగు పెట్టామో లేదో, అమ్మ వాలుకుర్చీలోంచి "ఏం పోయిందే విజయా?" అంది.

"ఏం పోలేదమ్మా."

"లిఫ్టు దిగి తలుపు దాకా రావడానికి మధ్యలో ఆగావు. ఏం పోయిందో చెప్పు."

చెప్పేశాం. అంతా వింది. డిస్కు గురించి ఆమెకేం తెలియదు, కానీ శబ్దం ఎట్లా ఉందో నా చేత నోటితో అనిపించింది. "ముందు ఎవరు విన్నారు?" అంది. నేనని చెప్పాను. "కాపీ ఇంకో ఇంట్లో లేదన్నమాట," అంది అక్క వైపు తిరిగి. అక్క తల వంచుకుంది. "సరే, అన్నం తినండి," అని ఊరుకుంది. అన్నాలయ్యాక, నేను సర్దుకుంటుంటే పిలిచింది. "ఇవాళ పేపర్లో ఏముందో చదువు," అంది. ఇన్నేళ్ళలో అడగనిది అడిగింది. ఫాంటు రాదని ఆమె మనసులో సిద్ధపడిపోయిందని నాకప్పుడు అర్థమైంది. పేపరు తెచ్చి చదివాను గానీ కళ్ళు మసకలై, అక్కడక్కడా దాటేసి, తొందరగా ముగించాను. "ఊఁ," అంది అమ్మ.

ఎదురుచూసిన ఆ రోజుల్లో అక్క సెంటరు తెరవలేదు. నాంపల్లిలోనే మా ఇంట్లో కూర్చుని ఫోను వైపు చూస్తూ ఉండేది. నాకు ఊరికే పోలికలు తట్టేవి. ఆ రోజుల్లో మిషన్ వెనక్కి తిప్పితే తెగుతున్న పోగులు కంటికి కనపడేవి. ఇప్పటి మిషన్ల రోగం కనపడదు, మూత తీసి చూసే వీల్లేదు. అయినా అవి కూడా ఊరికే చచ్చిపోవు. ముందు నెమ్మదిస్తాయి, ఒకటి అడిగితే ఒకటి చూపిస్తాయి, తర్వాత మూలుగుతాయి. వినేవాళ్ళుంటే అన్నీ చెప్తాయి. మనకే ఇప్పుడు వినే తీరిక లేదు, ఇంకోసారి బటన్ నొక్కే తొందర తప్ప. నాయనమ్మ రోలు దగ్గరి చెవి అమ్మకు వచ్చి, అమ్మది నాకు వచ్చి, ఆ చెవి ఒక హార్డ్ డిస్కు మూలుగు పట్టుకుంది. నేను జీవితంలో పెద్దగా సాధించిందేమీ లేదు, ఒక ఆఫీసులో ఫైళ్ళు కదిపి రిటైరయ్యాను. కానీ ఆ రోజు ప్లగ్గు పీకిన చెయ్యిని తలుచుకుంటే నాకు గర్వంగా ఉంటుంది. దాచుకోవడం ఎందుకు?

నర్సింగ్ ఫోను చేసి, "మేడం, ఫికర్ జెయ్యకున్రి, మీ అక్షరాలొచ్చినయ్. వెనకాల కొన్ని ఖరాబైనయ్, మిగిలినయి మంచిగున్నయ్," అన్నాడు. అక్క ఫోను పెట్టేసి, వంటింట్లోకి పోయి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. పోయినవి ఈ మధ్య గీసిన కొన్ని వత్తులు. "ఆ 'ళ' వత్తు నాకు ముందునుంచీ గిట్టలేదు. మంచిదే అయింది, మళ్ళీ గియ్," అంది అమ్మ. అక్క ఈసారి అబిడ్స్‌లో ఒక డిస్కు, మా ఇంట్లో అమ్మ ట్రంకుపెట్టెలో ఒక డిస్కు పెట్టుకుని గీసింది. సాయంత్రం అయ్యేసరికి సంచీ పట్టుకుని అబిడ్స్ నుంచి నాంపల్లి వచ్చేది. నడిచే వయసు కాదు కాబట్టి ఆటోలో.

ఫాంటు పూర్తయిన ఆదివారం అక్క కొన్ని కాగితాలు ప్రింటు తీసుకొచ్చి అమ్మ చేతికిచ్చింది. బాల్కనీలో ఎండ బాగా ఉంది. అమ్మ కాగితాన్ని కాస్త దూరంగా పట్టుకుని, పెదాలు కదుపుతూ మొదలుపెట్టి, రెండో లైనుకు పైకి చదవసాగింది. ఆగకుండా చదివింది. వత్తు దగ్గర ఆగలేదు, 'మ' దగ్గర తడబడలేదు. అక్క కుర్చీ చెయ్యి పట్టుకుని నిలబడింది. నేను ఆ రాత్రి చదివిన పేపరు వార్తే అది. ఆ పేపరు పారెయ్యకుండా దాచమని అక్క నాతో ఎందుకు అందో అప్పుడు తెలిసింది. మొత్తం చదివి, కాగితాలు ఒళ్ళో పెట్టుకుని, అమ్మ నా వైపు తిరిగింది.

"నువ్వా రాత్రి రెండు పేరాలు ఎగరగొట్టావే," అంది.

తర్వాత అక్క వైపు తిరిగి, "విజయా, నా మిషన్ మీద గుడ్డ తియ్," అంది.

మిషన్ అమ్మ గదిలో కిటికీ పక్కన ఉంటుంది. పూలగుడ్డ మారి వేరే గుడ్డ వచ్చింది గానీ నియమం మారలేదు. నేను వారం వారం నూనె వేస్తాను, కోఠీలో వెతికి రిబ్బన్ తెచ్చి మారుస్తాను, అంతవరకే. అక్క కదల్లేదు. తనను పిలిచినట్టు ఆమెకు నమ్మకం కుదరలేదు. నేను వెళ్ళి మెల్లగా ముందుకు తోశాను. గుడ్డ తీసి, నాలుగు మడతలు పెట్టి, అమ్మ మడత పెట్టినట్టే అంచులు కలిపి పక్కన పెట్టింది. నేను కాగితం ఎక్కించాను. అమ్మను చెయ్యి పట్టుకుని తెచ్చి మంచం మీద కూర్చోబెట్టాను.

"కూర్చో," అంది అమ్మ.

అక్క కూర్చుంది. చేతులు చీరకు తుడుచుకుని, వేళ్ళు మధ్య వరస మీద పెట్టింది. ఒక్క క్షణం అట్లాగే ఉండి, మొదలుపెట్టింది. తొందరపడలేదు. చిన్నప్పటి ఆ వాన మళ్ళీ పడింది, నిదానంగా. అమ్మ తల ఒక పక్కకు వంచి, కళ్ళు మూసుకుని వింటోంది. లైను చివర గంట మోగింది. అక్క వేళ్ళు ఆగిపోయాయి. ఇక చాలు అంటుందని ఇద్దరం చూస్తున్నాం.

"ఊఁ," అంది అమ్మ. "ఇంకో లైను."